వంశమా, వాడుకయా? అడ్డపొగ చెప్పిన చరిత్ర

నూజివీడు తోటలలో పండిన బంగినపల్లి మామిడికి ఆ పేరు ఎక్కడిదని అడిగినచో, రాయలసీమలోని బనగానపల్లె నుండి వచ్చినదని తెలిసినవారు చెప్పుదురు. అంటుకట్టిన చెట్టు తల్లిచెట్టు లక్షణములను పుణికిపుచ్చుకొనును. కనుక అక్కడి చెట్టునకును ఇక్కడి చెట్టునకును వంశము ఒక్కటియే. అయినను ఎర్రనేలలో కాసిన కాయ వేరు, నల్లరేగడిలో కాసిన కాయ వేరు. నీరు హెచ్చిన తోటలోని పండు రుచి వేరు. తోట పెంచువానికి ఇది వింతగా తోచదు. చెట్టు గుణములో వంశము పాలు ఎంత, నేల పాలు ఎంత యని అతడు నిత్యము విడదీసి చూచుచునే యుండును. మనుష్యుల విషయమున, అందునను మనుష్యులకు వచ్చు వ్యాధుల విషయమున, ఈ పాటి వివేకము చదువుకొన్నవారికి అలవడుటకు చాలకాలము పట్టినది.

క్యాన్సరును మన పెద్దలు రాచపుండు అనిరి. ఈ వ్యాధి ప్రపంచములోని జనులనందరిని ఒకే తీరున బాధించుట లేదు. ఒక దేశమున కడుపులో, మరియొక దేశమున రొమ్ములో, వేరొక దేశమున నోటిలో అది ఎక్కువగా కనిపించుచున్నది. ఒకే నగరములో ప్రక్కప్రక్క వీధులలో నివసించు రెండు జాతులలో ఒక జాతివారు దానివలన ఎక్కువగా మరణించుచున్నారు. ఈ తేడా పుట్టుకతో రక్తములో వచ్చినదా? లేక తిండిలో, అలవాటులో, పేదరికములో ఉన్నదా? నూరేండ్లకు పైబడి వైద్యలోకమును వేధించిన ప్రశ్న యిది. దానికి సమాధానము వెదకిన చరిత్రలో మన ఉత్తరాంధ్ర తీరమునకు ఒక స్థానము కలదు. ఆ కథను, నేటి శాస్త్రము దానికి చేర్చిన క్రొత్త అధ్యాయమును శ్రోతల ముందుంచుట మా ఉద్దేశము.

మొదట పాత అభిప్రాయమేమో చూతము. పందొమ్మిదవ శతాబ్దమునను, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలోను ఐరోపా వైద్యులు పలువురు క్యాన్సరు నాగరికత ముదిరిన జాతుల వ్యాధి యని తలంచిరి. భారతీయులకు, ఆఫ్రికా వాసులకు అది అరుదని వ్రాసిరి. దీనికి కారణము జాతి స్వభావమని కొందరును, శాకాహారమని కొందరును చెప్పిరి. వాస్తవమున ఆ కాలపు భారతదేశములో సగటు ఆయువు మిక్కిలి తక్కువగా నుండెను. క్యాన్సరు ప్రధానముగా నడివయసు దాటినవారి వ్యాధి. కలరా, ప్లేగు, మలేరియాల బారినుండి తప్పించుకొని ఆ వయస్సునకు చేరువారే కొద్దిమంది. చేరినవారిలో ఆసుపత్రి గడప త్రొక్కువారు, అందునను స్త్రీలు, ఇంకను కొద్దిమంది. లెక్కకు రాని రోగమును లేని రోగముగా ఎంచిరి.

ఈ భ్రమను తొలగించుటకు పాటుపడినవారిలో వసంత రాంజీ ఖనోల్కర్ ప్రముఖుడు. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలసిన పిదప ఆయన అక్కడి ప్రయోగశాలలలో పనిచేయుచు దేశములోని నానా వర్గముల రోగులను పోల్చి చూచెను. భారతీయులకు క్యాన్సరు సోకు స్వభావము ఎట్టిదన్న విషయమును గూర్చి 1945లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన చూపించినదేమన, ఈ దేశములో క్యాన్సరు అరుదు కాదు. కాని అది శరీరములో ఏ భాగమును పట్టుకొనుననునది ఆయా వర్గముల జీవిత విధానమును బట్టి మారుచున్నది. బొంబాయిలోని పార్సీ స్త్రీలలో రొమ్ము క్యాన్సరు ఎక్కువ. పార్సీలలో ఆలస్యముగా పెండ్లి యాడుట, తక్కువమంది బిడ్డలను కనుట పరిపాటి. ఇతర వర్గములలో చిన్నవయసు వివాహములు, పలు కాన్పులు గల స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు ఎక్కువ. ఇరువర్గములు ఒకే నగరపు నీరు త్రాగుచున్నను వ్యాధి దారులు వేరైనవి.

ఆ 1945లోనే ఖనోల్కర్, సూర్యాబాయి కలిసి మన దేశపు వాడుకలతో సంబంధము గల మూడు క్రొత్త రకముల క్యాన్సరును గూర్చి వ్రాసిరి. ధోవతిని నడుమునకు బిగించి కట్టుటవలన ఏండ్లతరబడి ఒరసుకొనిన చోట పుట్టు క్యాన్సరు వానిలో ఒకటి. అంతకు పూర్వమే శ్రీనగరములోని మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన నీవ్ సోదరులు కాశ్మీరములో మరియొక వింతను గమనించియుండిరి. అక్కడివారు చలికాలమున నిప్పులు నింపిన కాంగ్డీ అను చిన్న కుంపటిని అంగీ లోపల పొట్టకు ఆనించుకొని తిరుగుదురు. క్యాన్సరు సరిగా ఆ పొట్టమీదను, తొడలమీదను, కాలిన మచ్చలున్న చోటనే లేచుచుండెను. కాశ్మీరీ రక్తమునకు పొట్ట చర్మముపై పగయేమియు లేదు. నిప్పు ఎక్కడ తాకెనో వ్యాధి అక్కడ పుట్టెను.

ఈ నిప్పు మాట మనలను విశాఖపట్టణమునకు తీసికొనిపోవును. అక్కడ 1923లో వైద్య కళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు ఏర్పడినవి. ఆ కళాశాలయే తరువాత ఆంధ్ర వైద్య కళాశాల యైనది. ఉత్తర సర్కారుల పల్లెల నుండి రోగులు అక్కడికి రాసాగిన కొద్దికాలమునకే వైద్యులకు ఒక విపరీతము కనిపించెను. ప్రపంచములో మిక్కిలి అరుదుగా కనిపించు గట్టి అంగిలి క్యాన్సరు ఇక్కడ తరచుగా వచ్చుచుండెను. వచ్చినవారిలో పెక్కుమంది స్త్రీలు. నోటి క్యాన్సరు ఇతర ప్రాంతములలో సాధారణముగా పురుషులకు ఎక్కువ. ఇక్కడ లెక్క తలక్రిందులైనది. 1937లో కిని, సుబ్బారావు అను ఇరువురు వైద్యులు ఈ ప్రాంతపు క్యాన్సరు సమస్యను గూర్చి ఇండియన్ మెడికల్ గెజెట్టులో వ్రాసి, దీనిని అక్కడి ఒక అలవాటుతో ముడిపెట్టిన తొలివారిలో చేరిరి. ఆ అలవాటు పేరు అడ్డపొగ.

కృష్ణా, గోదావరి మండలముల శ్రోతలకు చుట్ట క్రొత్త కాదు. లంక పొగాకు చుట్టకు పెట్టినది పేరు. కాని మనవైపు చుట్టను సాధారణముగా నిప్పు వెలుపల నుంచియే కాల్చుదురు. శ్రీకాకుళము, విశాఖ తీరపు పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట ముట్టించి కొన్ని దమ్ములు లాగిన పిమ్మట నిప్పు కొసను నోటిలోనికి త్రిప్పి పెదవులు మూయుదురు. గాలి చుట్ట వెలుపలి కొస నుండి లోనికి పోవును. నిప్పు నాలుకకు, అంగిలికి నడుమ మండును. పొగ నోటినుండి వెడలును. బూడిదను ఉమ్మివేయుదురు, లేదా మ్రింగుదురు. లాలాజలము తగులుటచే చుట్ట మెల్లగా కాలి చాలసేపు వచ్చును. అలవాటు పడినవారికి నోరు కాలదు, పని ఆగదు. నోట చుట్టతోనే నీళ్లు మోయుదురు, ఊడ్పులు ఊడ్చుదురు.

ఈ ఆచారమెట్లు పుట్టినదో పలువురు పలువిధముల చెప్పుదురు. సముద్రముమీద గాలికి, తుంపరలకు నిప్పు ఆరిపోకుండుటకు జాలరులు కనిపెట్టిన ఉపాయమని కొందరందురు. చంకలోని బిడ్డమీద నిప్పురవ్వ పడకుండుటకని కొందరు, పంటినొప్పికి మందని కొందరు, పెద్దల యెదుట చుట్ట కనబడకుండుటకని మరికొందరు. ఎట్లు పుట్టినను అది తల్లినుండి కూతురునకు, అత్తనుండి కోడలికి సంక్రమించినది. ఇచటనే మనము జాగ్రత్తగా ఆలోచింపవలసియున్నది. తల్లికి అంగిలిలో పుండు లేచినది, కొన్నాళ్లకు కూతురునకును లేచినది. చూచినవారు ఇది వారి వంశమున ఉన్నదందురు. నిజమునకు తల్లి కూతురునకు ఇచ్చినది రక్తమును మాత్రమే కాదు, చుట్టను గూడ.

1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు కోస్తా ఆంధ్రములోని అంగిలి క్యాన్సరును గూర్చి ప్రకటించిన వ్యాసము శీర్షికలోనే కారణమును చెప్పినది: నిప్పు కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చుట. కాని ఆసుపత్రికి వచ్చిన రోగులను చూచి ఊరి సంగతి నిర్ణయించుట చాలదు. ఊరిలో ఆరోగ్యముగా నున్నవారెందరు అదే పని చేయుచున్నారో తెలియవలెను. ఆ పనిని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధన విభాగము తలకెత్తుకొన్నది. ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా మొదలగువారును, డెన్మార్కు దేశపు నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గును కలిసి 1960ల చివరి భాగమున గుజరాతు, కేరళ, ఆంధ్ర, బీహారు రాష్ట్రములలో ఇంటింటికి పోయి 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిరి. వీరిలో 10,169 మంది శ్రీకాకుళము జిల్లావారు. ఆ జిల్లాలో పరీక్షింపబడినవారిలో ఇంచుమించు నూటికి 44 మంది అడ్డపొగవారే. వారి అంగిలి తెల్లబడుట, ఎర్రని చుక్కలు లేచుట, రంగు పోవుట, పుండ్లు పడుట మొదలగు దశలన్నియు ఈ పరిశీలనలో వివరముగా నమోదైనవి. 1971లో బ్రిటిష్ క్యాన్సరు పత్రికలో ఈ ఫలితములు వెలువడుటతో శ్రీకాకుళపు పల్లెలు ప్రపంచ వైద్యగ్రంథములకు ఎక్కినవి.

ఆ సర్వేలను, వాని పూర్వపు నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక పటము ఏర్పడును. తిరువాన్కూరులో పొగాకు కలిపిన తాంబూలమును బుగ్గన పెట్టుకొని నమలుదురు. అక్కడ క్యాన్సరు బుగ్గలో. బీహారులో సున్నము కలిపిన ఖైనీని క్రింది పెదవి చాటున ఉంచుకొందురు. అక్కడ క్యాన్సరు ఆ పెదవి గాడిలో. ఆంధ్రతీరమున నిప్పు అంగిలి క్రింద, క్యాన్సరు అంగిలిమీద. ఆకు ఒక్కటియే, పొగాకు. జాతి మారినందున వ్యాధి స్థానము మారలేదు. పొగాకు తాకు చోటు మారినందున మారినది.

ఈ వాదమునకు ప్రతిపక్షి ఒక మాట అనవచ్చును: శ్రీకాకుళము వారి రక్తములో ఏదో ఉన్నది గనుకనే వారి అంగిలి చెడుచున్నది. దీనికి సమాధానము సముద్రములకావల దొరకినది. నిప్పు కొసను నోటిలో పెట్టుకొను అలవాటు కరీబియన్ దీవులలో, పనామాలో, కొలంబియాలో, ఇటలీకి చెందిన సార్డీనియాలో, ఫిలిప్పీన్సు దీవులలో గూడ కలదు. మనకును వారికిని చుట్టరికము లేదు. అయినను అక్కడి అడ్డపొగవారి అంగిళ్లలోను తెల్లమచ్చలు, వాపు, పుండ్లు వైద్యులు చూచిరి.

రెండవ సాక్ష్యము వలసపోయినవారిది. 1860లో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ ఆ సంవత్సరము నవంబరు 16న నాటాల్ తీరమున దర్బనునకు చేరినది. చెరకుతోటలలో కూలికై అందు పోయిన వారిలో తెలుగువారు, తమిళులు ఉండిరి. ఆ తరువాతి ఓడలలోను మనవారు పోయిరి. నూరేండ్ల తరువాత, 1969లో వెలువడిన ఒక పరిశీలన నాటాల్ భారతీయ స్త్రీలలో నోటి క్యాన్సరు అధికమని, అది తాంబూలము నమలు అలవాటుతో ముడిపడియున్నదని తెలిపినది. సముద్రము దాటినను తాంబూలము దాటి రాలేదు, దానితో వచ్చు వ్యాధియు దాటి రాలేదు. దీనికి ఎదురు ఉదాహరణము జపానువారిది. అమెరికాకు వలసపోయిన జపానీయులను గూర్చి హెన్సెల్, కురిహర 1968లో ప్రకటించిన గణాంకములలో స్వదేశమున విరివిగా నుండు కడుపు క్యాన్సరు వలస కుటుంబములలో తగ్గుచు, అమెరికనులకు సహజమైన పెద్దప్రేగు క్యాన్సరు పెరుగుచుండెను. ఒకటి రెండు తరములలో రక్తము మారదు. మారినది భోజనము, జీవనము.

ఇంతవరకు చెప్పినది వాడుక గెలిచిన కథ. కాని ఒక చిక్కు మిగిలియున్నది. చుట్ట కాల్చుట వెలుపలి పని. క్యాన్సరు జీవకణము లోపల జరుగు తిరుగుబాటు. వెలుపలి అలవాటు లోపలి కణమును ఏ విధముగ చేరి దాని నడవడిని మార్చుచున్నది? పొగలోని విషములు డి.ఎన్.ఏ.ను గాయపరచి, జన్యువుల వ్రాతనే మార్చివేయునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది నిజము. కాని అది సగము కథయే. మిగిలిన సగమును చెప్పునది ఎపిజెనెటిక్స్ అను శాస్త్రము.

ఈ పేరును 1942లో ఆంగ్లేయ జీవశాస్త్రజ్ఞుడు కాన్రాడ్ వాడింగ్టన్ వాడుకలోనికి తెచ్చెను. విషయము కఠినముగా తోచును గాని మామిడిచెట్టును చూచినచో సులభముగా బోధపడును. చెట్టు ఆకులోను, పూతలోను, కాయలోను ఉన్న ప్రతి కణమునందును జన్యువుల పూర్తి గ్రంథము ఒక్కటియే ఉన్నది. అయినను ఆకు ఆకుగానే ఉండును, పూత పూతగానే ఉండును. ఏలయనగా ఆకులో గ్రంథములోని కొన్ని పుటలు తెరచియుండును, కొన్ని మూసియుండును. పూతలో వేరు పుటలు తెరచుకొనును. మార్గశిర పుష్య మాసముల చలి తగిలిన తరువాత నూజివీడు తోటలు పూతకు వచ్చుట మనమెరుగుదుము. ఆ చలి చెట్టు జన్యువులను మార్చలేదు. ఏ పుట ఎప్పుడు తెరువవలెనో ఆ క్రమమును కదలించినది. మన శరీరములోను అంతే. కంటి కణమునకు, కాలేయపు కణమునకు గ్రంథము ఒకటి, తెరచిన పుటలు వేరు.

ఈ పుటలను మూయుటకు, తెరచుటకు శరీరము వాడు సాధనములలో ఒకటి మిథైల్ అను అతి చిన్న రసాయన ముద్ర. అది డి.ఎన్.ఏ.పై తగిన చోట అంటుకొన్నచో ఆ జన్యువు సాధారణముగా మౌనము వహించును. ఇట్టి ముద్రలు కణమునుండి కణమునకు సంక్రమింపవచ్చునని 1975లో ఇంగ్లండులో హాలిడే, ప్యూ అనువారును, అమెరికాలో రిగ్స్ అనునాతడును వేరువేరుగా ప్రతిపాదించిరి. 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ క్యాన్సరు కణములలో ఈ ముద్రల అమరిక చెదరియున్నదని చూపిరి. 1990లలో పి16 అను జన్యువు సంగతి బయటపడెను. కణము హద్దుమీరి విభజన చెందకుండ కావలి కాయునది పి16. పలు క్యాన్సరులలో, వానిలో పొగాకువలన వచ్చు నోటి క్యాన్సరులు గూడ చేరియున్నవి, ఆ జన్యువు చెడిపోకుండగనే మూతపడియున్నది. కావలివాడు చావలేదు, నోరు కట్టివేయబడినది.

ఈ ముద్రలు క్యాన్సరు వచ్చిన తరువాతనే పడునవి కావు. చుట్టయో, సిగరెట్టో త్రాగుచు ఆరోగ్యముగా తిరుగుచున్నవారి రక్తములో గూడ అవి కనిపించును. 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 15,907 మంది రక్తమును పరీక్షించిరి. పొగ త్రాగువారిలో వేలకొలది జన్యువుల వద్ద మిథైల్ ముద్రలు మారియున్నవని తేలినది. ఆ అలవాటు మానినవారిలో పెక్కు ముద్రలు ఐదేండ్లలోపల పొగ త్రాగనివారి స్థితికి తిరిగివచ్చినవి. కొన్ని మాత్రము ముప్పది ఏండ్లు గడచినను చెరగలేదు. ఈ రెండు మాటలను కలిపి గుర్తుంచుకొనవలెను. శరీరము మనము చేసినదానిని వ్రాసికొనును. వ్రాసికొన్నదానిలో పెద్ద భాగమును చెరపివేయుటకు అవకాశమిచ్చును. కొంత భాగమును ఉంచుకొనును. కనుక మానుటకు ఎప్పుడైనను ఆలస్యము కాదు, ముందుగా మానుట మరింత మేలు.

ఇప్పుడు జాతుల తేడాను గూర్చిన మొదటి ప్రశ్నకు తిరిగివత్తము. ఈ ప్రశ్న నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో తీవ్రముగా చర్చింపబడుచున్నది. అక్కడ నల్లజాతి పురుషులు ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సరుతో తెల్లవారికంటె ఇంచుమించు రెండింతలుగా మరణించుచున్నారు. రొమ్ము క్యాన్సరు నల్లజాతి స్త్రీలకు తెల్లవారికంటె కొంచెము తక్కువగానే వచ్చినను, దానివలన మరణించుట నూటికి నలుబది వంతులు ఎక్కువ. ఈ రెండు జాతులవారి కణములలో మిథైల్ ముద్రల తేడాలను పలువురు పరిశోధకులు చూచుచున్నారు. కాని ఆ ముద్రలు ఎక్కడినుండి వచ్చినవి? తరతరముల పేదరికము, కలుషితమైన పరిసరములు, చౌకబారు తిండి, నిత్యము మనస్సును క్రుంగదీయు వివక్ష, ఆలస్యముగా అందు వైద్యము, ఇవి అన్నియు నల్లజాతివారి జీవితములో ఎక్కువ. చర్మపురంగు చూచి వైద్యుడు జాతి అని వ్రాసికొన్న గడిలో జీవితము మొత్తము దాగియున్నది.

వంశము పాలు సున్న అని చెప్పుట మా ఉద్దేశము కాదు. ప్రోస్టేట్ క్యాన్సరు అవకాశమును పెంచు కొన్ని జన్యుభేదములు ఆఫ్రికా సంతతివారిలో ఎక్కువగా నున్నట్లు 2006లో కనుగొనిరి. తూర్పు ఐరోపా మూలముగల యూదులలో నలుబదిమందికి ఒకరు రొమ్ము, అండాశయ క్యాన్సరులకు దారితీయు జన్యులోపమును మోయుచున్నారు. అట్టి కుటుంబములవారు ముందుగా పరీక్ష చేయించుకొనుట వివేకము. అయితే మానవులలోని జన్యుభేదములలో నూటికి ఎనుబదియైదు పాళ్లు ఏ జనసమూహమును తీసికొన్నను దాని లోపలనే ఉన్నవని రిచర్డ్ లెవొంటిన్ 1972లో లెక్కగట్టెను. కనుక జాతి పేరు చెప్పి వ్యక్తి భవిష్యత్తు చెప్పుట జ్యోతిషమే అగును గాని వైద్యము కాదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. వెనుకటి కాలమున రక్తము అన్నవారు ఇప్పుడు ఎపిజెనెటిక్స్ అను క్రొత్త మాటను అందుకొని, ఫలానా జాతివారి శరీరమునందే ముద్రలు పడిపోయినవి, ఇక చేయునదేమున్నది యనవచ్చును. తాతల కష్టములు మనుమల జన్యువులపై ముద్రలై దిగునను మాట పత్రికలలో తరచు వచ్చుచున్నది. ఎలుకలలో, మొక్కలలో కొన్ని నిదర్శనములు దొరకినవి. మనుష్యులలో అది తిరుగులేని విధముగ రుజువు కాలేదు. గర్భమున నుండగా తల్లి త్రాగిన పొగ బిడ్డ రక్తములో ముద్రలు వేయుననుట మాత్రము రుజువైనది. అది శాపము కాదు. గర్భిణికి ఇంటిలో పొగలేని గాలి కల్పింపవలసిన బాధ్యత మనదని తెలుపు సమాచారము.

శాపము కాదనుటకు మన శ్రీకాకుళమే సాక్ష్యము. పైన చెప్పిన పరిశోధకులు సర్వేతో తృప్తి పడలేదు. శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకులము, గుజరాతులోని భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందికి పైగా గ్రామస్థులను ఎన్నుకొని, ఏటేటా వారి నోళ్లు పరీక్షించుచు, పొగాకు మానుడని ఒక్కొక్కరికి ముఖాముఖిగాను, సామూహిక ప్రచార సాధనముల ద్వారాను బోధించిరి. పదేండ్లు ఈ పని నడచినది. 1986లో లాన్సెట్ పత్రికలో తొలి ఫలితములును, 1992లో పదేండ్ల ఫలితములును వెలువడినవి. కొందరు పూర్తిగా మానిరి, మరికొందరు తగ్గించిరి. మానినవారి నోళ్లలో క్యాన్సరునకు పూర్వరంగమైన తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుట చాల తగ్గినది. వారి వంశము మారలేదు, ఊరు మారలేదు, పేదరికము సైతము పెద్దగా మారలేదు. ఒక అలవాటు సడలినది.

ఈ చరిత్ర ఇంకను ముగియలేదు. సిగరెట్టు, ఖైనీ, గుట్కాల ముందు అడ్డపొగ తగ్గుముఖము పట్టినను తీరపు పల్లెలలో పూర్తిగా అంతరింపలేదు. ఏండ్లతరబడి అడ్డపొగ కాల్చిన వృద్ధస్త్రీలు నేటికిని ఉన్నారు. అంగిలిమీద మచ్చ లేచినప్పుడు నొప్పి ఉండదు. కనుక ఎవరికిని చెప్పరు. పుండు పడినప్పుడు తలరాత యందురు. ముద్ద మ్రింగుటకు కష్టమైనప్పుడుగాని పట్టణమునకు బయలుదేరరు. అప్పటికి శస్త్రచికిత్స పెద్దదగును, ఫలితము చిన్నదగును. మొదటనే చూపించుకొన్నచో వైద్యునికి కావలసినవి ఒక దీపము, ఒక అద్దము, రెండు నిమిషముల కాలము. మచ్చగా నున్నప్పుడు అలవాటు మాన్పించుటయే సగము చికిత్స. విశాఖపట్టణములో నేడు కింగ్ జార్జి ఆసుపత్రితో బాటు టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రియు ఉన్నది. దూరము తగ్గినది, జంకు తగ్గవలసియున్నది.

ఆ జంకును తగ్గించుటలో ఇంటివారికి చేతనైన పని యొకటి కలదు. అమ్మమ్మకో, పొలము పనికి వచ్చు పెద్దమ్మకో నోటిలో రెండు మూడు వారములు మానని మచ్చ గాని, పుండు గాని ఉన్నదని తెలిసినప్పుడు, మీ ఇంట ఇంతకుముందు ఎవరికైన వచ్చినదా యని అడిగి ఊరకుండరాదు. ఏమి కాల్చుచున్నావు, ఏమి నమలుచున్నావు, ఎన్నేండ్లనుండి యని మెల్లగా అడుగవలెను. నిందింపక అడుగవలెను, ఆమెకు ఆ చుట్ట ఇచ్చినది ఆమె తల్లియే. విశాఖ వైద్యులు 1937లో అడిగిన ప్రశ్నయు ఇదియే. ఆ ప్రశ్న అడుగుటచేతనే ఒక జనసమూహము తలరాత యనుకొన్నది మార్చుకొనదగిన అలవాటని తేలినది. నేటి ఎపిజెనెటిక్స్ ఆ అలవాటు కణము లోపల ఎట్లు వ్రాయబడునో చూపి, ఆ వ్రాతలో చాల భాగము చెరిపివేయదగినదని మనకు ధైర్యము చెప్పుచున్నది.